వంచితే కరెంట్ పుట్టే షీటు: అపోహలు, వాస్తవాలు

పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌ను నానోఫైబర్లుగా, అంటే కంటికి ఆనని దారాలుగా తీసి, వంచినా నొక్కినా కరెంట్ ఇచ్చే పీజోఎలక్ట్రిక్ షీట్లు చేయడం నా పని. ఆ మాట చెప్పగానే అందరూ అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఇంకొన్నేళ్లు ఆగితే నడకతోనే ఫోన్ చార్జ్ అయిపోతుంది.

వాస్తవం: 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో సుమారు 69 వేల జౌళ్ల శక్తి పడుతుంది. 1990ల చివర్లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు బూటు అడుగున పీవీడీఎఫ్ పొరలు పెట్టి నడిపిస్తే, సగటున మిల్లీవాట్ అటూఇటుగా వచ్చింది. ఆ లెక్కన ఫోన్ ఒక్కసారి నిండాలంటే రాత్రీపగలూ ఆగకుండా రెండేళ్లకు పైగా నడవాలి. మోచేతికో మోకాలికో అంటించే పల్చటి షీట్లయితే మామూలుగా మైక్రోవాట్ల లెక్కే.

అపోహ: ఇలాంటి షీటు 20 వోల్టులు ఇచ్చిందని వీడియోలో చూపించారు కదా!

వాస్తవం: చూపిస్తారు, అబద్ధమూ కాదు. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే కొన్ని వేల వోల్టులు పుడతాయి. అందులో ఉండేదీ పీజో ముక్కే. దాంతో ఫ్యాన్ తిరగదు, ఎందుకంటే వోల్టేజ్ ఎంత ఉన్నా చార్జ్ పిసరంతే. ఒక నానోఫారడ్ కెపాసిటెన్స్ (చార్జ్ పట్టే సామర్థ్యం) ఉన్న షీటు 20 వోల్టులు ఇచ్చిందంటే, అందులో ఉన్న శక్తి 0.2 మైక్రోజౌల్. షీటును వేలితో తట్టినప్పుడు ఆసిలోస్కోప్ (వోల్టేజ్‌ను గీతగా చూపించే పరికరం) మీద పది వోల్టులు ఎగిరి కనిపిస్తాయి. అడ్డంగా ఒక 10 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్లీ తట్టండి, మిల్లీవోల్టులకు పడిపోతుంది. అందుకే ఎన్ని వోల్టులని కాదు, ఏ లోడ్ (కరెంట్ వాడుకునే భాగం) మీద, ఎన్ని సెకన్లలో, ఎంత కెపాసిటర్ (చార్జ్ దాచుకునే భాగం) నిండిందని అడగాలి.

ఇంకో మెలిక. ఆ వోల్టులన్నీ పీజోవే అని నమ్మకం లేదు. వేలు తగిలి విడిపోయినా చాలు, స్థిరవిద్యుత్ పుట్టి అందులో కలుస్తుంది. వైర్లు తిప్పి కలిపితే సిగ్నల్ తలకిందులైందని కొందరు రుజువు చూపిస్తారు, కానీ స్థిరవిద్యుత్ సిగ్నలూ అలాగే తలకిందులవుతుంది. పీజో గుణం లేని అదే ప్లాస్టిక్ షీటును, అదే సైజులో, అదే దెబ్బతో కొట్టి పోల్చాలి. ఆ పోలిక లేని పరిశోధన పేపర్‌ను నేనైతే పక్కన పెట్టేస్తా.

అపోహ: నానో అంటేనే పవర్ ఎక్కువ.

వాస్తవం: నానో వల్ల ప్రధానంగా దక్కేది విరగకుండా వంగడం. న్యూటన్ బలానికి పీజెడ్‌టీ అనే పీజో సెరామిక్ కొన్ని వందల పికోకూలంబుల చార్జ్ ఇస్తే, పీవీడీఎఫ్ ఇచ్చేది 20–30. కాకపోతే ఆ సెరామిక్ పెళుసు, పైగా బరువులో అరవై శాతం పైన సీసమే.

అపోహ: మీద బరువు పెట్టి వదిలేస్తే కరెంట్ వస్తూనే ఉంటుంది.

వాస్తవం: రాదు. ఒత్తిడి మారినప్పుడే వస్తుంది.

అపోహ: రోడ్డు కింద పరిస్తే ఉచిత కరెంట్.

వాస్తవం: ఆ శక్తి బండి ట్యాంకులోని పెట్రోలుదే.

అపోహ: పీవీడీఎఫ్ కొని షీటు పోసుకుంటే చాలు.

వాస్తవం: కరిగించి ఊరికే చల్లారిస్తే ఎక్కువగా ఆల్ఫా రూపంలో గట్టిపడుతుంది. అందులో డైపోల్స్ (ఒక కొస ప్లస్, ఒక కొస మైనస్ ఉండే అణుభాగాలు) ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాకు కావాల్సింది అవన్నీ ఒకే వైపు తిరిగి ఉండే బీటా రూపం. అందుకే ద్రావణాన్ని సిరంజిలో నింపి, సూదికి 15–20 కిలోవోల్టులు ఇస్తాం. సూది కొసన చుక్క మొనదేలి, కంటికి ఆనని దారమై సాగి, తిరిగే డ్రమ్ మీది ఫాయిల్‌కి చుట్టుకుంటుంది. ఆ సాగదీతకే బీటా రూపం పెరుగుతుంది. వానాకాలంలో గది తేమ పెరిగిందంటే టెన్షనే, దారాల తీరే మారిపోతుంది. తయారైన షీటుకు 80 డిగ్రీలు దాటిన వేడి తగులుతుంటే ధ్రువణత (డైపోల్స్ ఒకే వైపు ఉండే గుణం) తగ్గుతూ పోతుంది. ‘కరెంట్ ఇచ్చే చొక్కా’ అమ్మేవాళ్లు కనబడితే ఇస్త్రీ చేయొచ్చా అని అడిగి చూడండి.

అపోహ: అయితే దేనికీ పనికిరాదన్నమాట.

వాస్తవం: సెన్సర్‌గా భేషుగ్గా పనికొస్తుంది. ఊపిరి, నాడి, కీళ్ల కదలిక పట్టుకోవడానికి ఆ చిన్న సిగ్నలే చాలు. శక్తి కోసమే అయితే, పది మైక్రోవాట్లతో 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ 3 వోల్టులకు నిండడానికి, నష్టాలు వదిలేస్తే, 45 సెకన్లు. దాంతో ఒక చిన్న బ్లూటూత్ సందేశం పంపొచ్చు. సెకనుకోసారి రీడింగ్ కావాలంటే మాత్రం బటన్ సెల్ వేసుకోండి, నేనైనా అదే వేస్తా.