ఈద్ కార్డుకి ఏ రంగులు?

పిల్లలూ,

ఈద్ గ్రీటింగ్ కార్డుకి ఏ రంగులు బాగుంటాయని అడిగారు కదా. ఆకుపచ్చ మీద బంగారు నెలవంక అందరూ వేసేదే. అందులో తప్పేం లేదు, స్వర్గంలో ఉండేవాళ్ళకు ఆకుపచ్చ పట్టుబట్టలు ఉంటాయని ఖురాన్‌లోనే ఉంది. కానీ అక్కడితో ఆగిపోతే బోలెడు రంగులు చేజారతాయి.

నన్నడిగితే ముందు తుర్కియేలోని ఇజ్నిక్ ఊరి టైల్స్ చూడమంటాను. ఇస్తాంబుల్‌లో 16వ శతాబ్దపు రుస్తుం పాషా మసీదు గోడల నిండా అవే. వెనక అంతా తెలుపు, దాని మీద ముదురు నీలం, ఫిరోజా (ఆకుపచ్చ కలిసిన లేత నీలం), అక్కడక్కడ టొమాటో ఎరుపు. ఆ ఎరుపు కోసం ఇనుము ఎక్కువున్న మట్టిని చిక్కగా పూసేవారు. అందుకే తక్కిన రంగులు నున్నగా ఉంటే, ఎరుపు మాత్రం వేలికి ఉబ్బెత్తుగా తగులుతుంది. దాన్ని ఎక్కడా ధారాళంగా వాడలేదు చూడండి. ఒక తులిప్ రేకుకో, చిన్న పూవుకో ఇచ్చి ఊరుకున్నారు.

కంప్యూటర్లో మీకు కోటి రంగులున్నాయి. ఆ టైల్స్ చేసిన పనివాళ్ళకి ఉన్నవల్లా లోహాలూ, నిప్పూ. కోబాల్ట్ వేస్తే ముదురు నీలం. రాగిది ఇంకా తమాషా: సోడా ఎక్కువున్న గాజుపూతలో కలిపి కాలిస్తే ఫిరోజా వస్తుంది, సీసం ఎక్కువున్న పూతలో అయితే ఆకుపచ్చ.

రంజాన్ రాత్రుల మూడ్ కావాలంటే 'నీలి ఖురాన్' ఫోటోలు వెతకండి. 9, 10 శతాబ్దాల నాటిదంటారు. తోలుపత్రాలకు నీలిమందు రంగు వేసి, పైన బంగారంతో కూఫీ అనే పాత అరబీ లిపిలో రాశారు. రెండే రంగులు. నీలమే ఎక్కువ కాబట్టే బంగారం అంత మెరుస్తుంది. ఇరాన్‌లో ఇస్ఫహాన్ నగరంలోని షేక్ లుత్ఫుల్లా మసీదు గుమ్మటం దీనికి పూర్తిగా వేరు. అది లేత మీగడ రంగు, ఎండ మారేకొద్దీ గులాబీ ఛాయకి తిరుగుతుంది.

కైరోలో రంజాన్‌కి వెలిగించే ఫానూస్ లాంతర్లలో ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ గాజులన్నీ ఉంటాయి. లోపల దీపం ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లింది. కాగితం మీద అన్నీ ఒకేసారి పెడితే గోల. పెట్టాల్సిందే అంటే చుట్టూ ముదురు నీలం నింపి, లాంతరు చిన్నగా వెయ్యండి.

వేసినవి ఫోటో తీసి పంపండి.

మీ
తాతయ్య