స్టెప్పర్ మోటార్‌కు పవర్ సప్లై: షాపుల్లో వినిపించే అపోహలు, అసలు సంగతి

వరంగల్, హనుమకొండ కార్పెంటర్ షాపుల్లో తలుపుల మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ రౌటర్లు (కంప్యూటర్ ఫైలు ప్రకారం చెక్కే మిషన్లు) రిపేర్ చేస్తుంటాను. వాటిని కదిపేవి స్టెప్పర్ మోటార్లు, అంటే ఒక్కో చిన్న స్టెప్పు చొప్పున తిరిగే మోటార్లు. మోటార్ స్టెప్పులు తప్పుతోందని ఫోన్ వస్తే నేను ముందు చూసేది మోటార్‌ను కాదు, పవర్ సప్లైని.

అపోహ: వోల్టేజీ పెంచితే మోటార్ కాలిపోతుంది.

కిందటి ఎండాకాలం హనుమకొండలో ఒక షాపుకు వెళ్లాను. టేకు తలుపు మీద వినాయకుణ్ని చెక్కుతుంటే, మిషన్ వేగం అందుకున్నప్పుడల్లా మోటార్ గుర్రుమని ఆగిపోతోంది. తొండం ఒకచోట, దంతం ఇంకోచోట. ఓనర్ అప్పటికే 24 వోల్టుల 10 ఆంపియర్ల సప్లై తీసేసి, అదే 24 వోల్టుల్లో 15 ఆంపియర్లది కొన్నాడు. ఫలితం లేదు. 36 వోల్టులు పెడదామంటే, "24కే గింత వేడెక్కుతున్నది, 36 పెడితే కాలదా అన్నా?" అన్నాడు.

వాస్తవం: అది నెమా 23 సైజు మోటార్. ఫేజుకు, అంటే లోపలి ఒక్కో కాయిల్‌కు, 2.8 ఆంపియర్లు, కాయిల్ నిరోధం 0.9 ఓమ్. రెండూ గుణిస్తే 2.5 వోల్టులు. మోటార్ వివరాల్లో కనిపించే రెండు మూడు వోల్టులు ఇవే. కదలకుండా నిలబడ్డ మోటార్‌లో అంత కరెంటు పారడానికి అవి చాలు. తిరిగేటప్పుడు లెక్క వేరు. ప్రతి స్టెప్పుకూ కాయిల్‌లో కరెంటు ఎక్కాలి, దిగాలి. కరెంటు మార్పును అడ్డుకునే కాయిల్ గుణం, అంటే ఇండక్టెన్స్, దాన్ని తొందరగా ఎక్కనివ్వదు. వేగం పెరిగితే కరెంటు నిండేలోపే తర్వాతి స్టెప్పు వచ్చేస్తుంది, బలం పడిపోతుంది. కరెంటును తొందరగా ఎక్కించేది వోల్టేజీయే. ఎక్కువైపోతుందన్న భయం అక్కర్లేదు. సప్లైకీ మోటార్‌కీ మధ్య ఉండే డ్రైవర్ సర్క్యూట్ ఆ వోల్టేజీని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ, దాని మీది చిన్న డిప్ స్విచ్‌లతో మనం సెట్ చేసిన కరెంటు దాటకుండా చూసుకుంటుంది. 36 పెట్టాక అదే ఫైలు, అదే వేగంతో, వినాయకుడు నిండుగా వచ్చాడు.

అలాగని ఎంతైనా పెట్టొచ్చని కాదు. మోటార్ ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 32తో గుణించండి. 2.5 మిల్లీహెన్రీలైతే దాదాపు 50 వోల్టులు. అది పైహద్దు. దాటితే మోటార్ వేడెక్కడమే మిగులుతుంది.

అపోహ: నాలుగు మోటార్లు, ఒక్కోటి 2.8 ఆంపియర్లు, కాబట్టి 11 ఆంపియర్ల పైన సప్లై కావాలి. రెండు ఫేజులు కాబట్టి 22 అనేవాళ్లూ ఉన్నారు.

వాస్తవం: నిలబడ్డ మోటార్‌లో రెండు కాయిళ్లూ కలిసి తినేది సుమారు 14 వాట్లు. 36 వోల్టుల దగ్గర అది అర ఆంపియర్ కూడా కాదు. మీటర్ పెట్టి చూసి సప్లై పాడైందనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. తిరుగుతూ పని చేసేటప్పుడు కూడా, ఫేజు కరెంటులో మూడింట రెండు వంతులు లెక్కేస్తే సరిపోతుంది. నాలుగింటికి ఏడున్నర ఆంపియర్లు. 36 వోల్టుల 350 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) సుఖంగా లాగుతుంది.

అపోహ: డ్రైవర్ మీద 50 వోల్టులని ఉంటే 50 ఇవ్వొచ్చు.

ఇది నేనే డబ్బులు పోసి నేర్చుకున్న పాఠం. కొత్తలో 36 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు, ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి, కెపాసిటర్ పెట్టి, 50 వోల్టుల డ్రైవర్‌కు కలిపాను. 36 ఏసీని 1.414తో గుణిస్తే 51. డయోడ్లలో ఒకటిన్నర పోయినా 49 పైనే. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త ఎక్కువిస్తుంది. రాత్రి ఊరంతా పడుకున్నాక లైన్లో 230 బదులు 250 ఉంటే 54కు చేరుతుంది. డ్రైవర్ నుంచి పొగ రావడానికి పెద్ద సమయం పట్టలేదు. పైగా, వేగంగా తిరిగే మోటార్‌ను ఒక్కసారిగా ఆపితే అది జనరేటర్‌లా మారి కరెంటును వెనక్కి తోస్తుంది. అందుకే 50 వోల్టుల డ్రైవర్‌కు నేను 36 లేదా 42 మించి పెట్టను. 42 అని రాసి ఉన్న టీబీ6600 రకం డ్రైవర్‌కు 36 దాటను.

ట్రాన్స్‌ఫార్మర్ మంచిదా, ఎస్‌ఎంపీఎస్ మంచిదా అని అడుగుతుంటారు. యాసంగిలో పొలాల మోటర్లన్నీ ఆన్ అయి లైన్ వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ సప్లై కూడా దాంతోపాటే పడుతుంది, ఎస్‌ఎంపీఎస్ చాలావరకు నిలకడగా ఉంటుంది. చిన్న మిషన్లకు నా ఓటు దానికే.

ఇంకొక్కటి. ఆన్-ఆఫ్ స్విచ్‌ను 230 వోల్టుల లైన్ వైపే బిగించండి, సప్లైకీ డ్రైవర్‌కీ మధ్య వద్దు. మోటార్ వైరు పీకాల్సి వస్తే ముందు ఆఫ్ చేసి, డ్రైవర్ మీది లైటు పూర్తిగా ఆరేదాకా ఆగండి. కెపాసిటర్లలో ఇంకా కరెంటు ఉంటుంది.