“పాపకు ఇంకా చెప్పలేదండీ”: పిల్లల దుఃఖం గురించి అపోహలు, వాస్తవాలు

పాపను లోపలికి పంపే ముందు, కౌన్సెలింగ్ గది తలుపు దగ్గర పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పే మాట ఇది: “పాపకు ఇంకా చెప్పలేదండీ. నాన్న డ్యూటీ మీద ఢిల్లీ వెళ్ళాడన్నాం. మీరూ అలాగే అనండి.” ఈ నెలలో మూడోసారి విన్నాను. నేను అనను. ఎందుకు అననో ఒక్కో కుటుంబానికీ విడిగా చెప్పి అలసిపోయి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చిన్నపిల్లలకు తెలియదు, చెప్పకపోవడమే మంచిది.

వాస్తవం: ఇంటి ముందు టెంటు వేశారు. వచ్చినవాళ్ళంతా అమ్మను పట్టుకుని ఏడ్చారు. అమ్మ నుదుట బొట్టు లేదు. దండ వేసిన ఫొటో అంటే ఏమిటో మన పిల్లలకు యూకేజీలోనే తెలుసు. ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని కూడా వాళ్ళకు తెలిసిపోతుంది. అసలు నష్టం అక్కడే.

ఒక ఎనిమిదేళ్ళ పాప. తండ్రి గుండెపోటుతో పోయారు. ఆసుపత్రి నుంచి ఆయనను ఇంటికి తెచ్చేలోపే పాపను పిన్నిగారింటికి పంపి, పెద్దకర్మ అయ్యాక తీసుకొచ్చారు. రెండు వారాలకు రోజూ పొద్దున్నే కడుపునొప్పి. స్కానింగ్, రక్తపరీక్షలు, అన్నీ బాగానే ఉన్నాయి. ఆదివారం మాత్రం నొప్పి రాదు. “బడి ఎగ్గొట్టడానికి నాటకాలు” అని మేనత్త తేల్చేశారు. నా దగ్గరికి మూడోసారి వచ్చినప్పుడు పాప పెన్సిల్ చెక్కుకుంటూ, తల ఎత్తకుండానే అంది: “నేను స్కూల్లో ఉన్నప్పుడే నాన్న చనిపోయాడు. మళ్ళీ వెళ్తే అమ్మ కూడా చనిపోతుంది.” కాసేపాగి, “ఆ రోజు నాన్నకు టాటా చెప్పలేదు” అంది.

పక్కనే కూర్చున్న తల్లికి నోట మాట రాలేదు. ఢిల్లీ కథ పాప ఒక్కరోజు కూడా నమ్మలేదు. అమ్మ బాధపడుతుందని నమ్మినట్టు ఉందంతే.

ఐదారేళ్ళలోపు పిల్లల్లో చాలామంది, పోయినవాళ్ళు తిరిగొస్తారనుకుంటారు. ఇంకాస్త పెద్దవాళ్ళు తమ అల్లరి వల్లనో కోపం వల్లనో ఇలా జరిగిందనుకుంటారు. మనం నిజం చెప్పకపోతే ఆ ఖాళీని ఇలాంటి ఊహలతోనే నింపుకుంటారు. “నిద్రపోయాడు” అంటే రాత్రి కళ్ళు మూయడానికి భయపడతారు. “మంచివాళ్ళను దేవుడు త్వరగా తీసుకెళ్తాడు” అంటే మంచిగా ఉండటానికే భయపడతారు. “ఊరెళ్ళాడు” అంటే, నాకు చెప్పకుండా ఎందుకు వెళ్ళాడన్న కోపం మిగులుతుంది.

మరి ఏం చెప్పాలి? పిల్లకు బాగా చనువున్న మనిషి పక్కన కూర్చుని చెప్పాలి: “నాన్న చనిపోయాడు. గుండె ఆగిపోయింది. ఇక ఊపిరి ఉండదు, ఆకలి ఉండదు, నొప్పి ఉండదు. మళ్ళీ రాడు. ఇందులో నీ తప్పేమీ లేదు. నిన్ను నేను చూసుకుంటాను.” చెబుతూ మీకు ఏడుపొస్తే ఏడవండి. ఇప్పటికే అబద్ధం చెప్పేసినవాళ్ళు భయపడకండి. “ఎలా చెప్పాలో తెలియక అలా అన్నాను” అంటే పిల్లలు క్షమిస్తారు. ఆ పాప రోజూ బడికి వెళ్ళడానికి నెలన్నర పట్టింది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే క్లాస్ టీచర్ ఫోనులో అమ్మ గొంతు వినిపించేవారు.

చివరిచూపు చూపించాలా అని అడుగుతారు. పిల్లనే అడగండి. అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెప్పండి, చెయ్యి పట్టుకోవడానికి ఒక పెద్ద మనిషిని ఉంచండి. వద్దంటే బలవంతం చేయకండి.

మిగతావి గబగబా. “ఏడ్చిన పది నిమిషాలకే ఆడుకుంటోంది, మరిచిపోయింది”: మరిచిపోలేదు, పిల్లల దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది. “దుఃఖానికి ఐదు దశలు, వరసగా దాటాలి”: 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ ఆ దశలు రాసింది మరణానికి దగ్గరైన రోగులను చూసి, మీ అమ్మగారు మూడో దశలో ఉన్నారా నాలుగో దశలోనా అని లెక్క వేయకండి. “సంవత్సరీకం అయితే సర్దుకుంటుంది”: చాలామందికి తీవ్రత తగ్గుతుంది, పండగలకు మళ్ళీ పొంగుతుంది, అది జబ్బు కాదు. కానీ పెద్దవాళ్ళలో ఏడాది, పిల్లల్లో ఆరు నెలలు దాటినా దాదాపు ప్రతిరోజూ అదే తీవ్రత, ఏ పనీ సాగకపోవడం ఉంటే సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలన్న మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఇంకొకటి: “ఇకనుంచి ఇంటికి పెద్దవాడివి నువ్వే.” పరామర్శకు వచ్చి మగపిల్లవాడి భుజం తట్టి ఈ మాట అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్న పోయినప్పుడు అన్నయ్యకు పద్నాలుగేళ్ళు. కుండ మోసి, తలకొరివి పెట్టి వచ్చిన పిల్లవాడితో వీధిలో ముగ్గురో నలుగురో ఆ మాట అన్నారు. అన్నయ్య అప్పుడు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ఏటా తద్దినం నాడు వంటింట్లో ఒక మూల కూర్చుని అరటికాయలు తరిగిపెడతాడు, ఎవరితోనూ మాట్లాడడు. నిరుడు వాళ్ళబ్బాయికి పద్నాలుగు నిండాయి. పుట్టినరోజు పొద్దున వాడు కొత్త చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని వచ్చాడు. అన్నయ్య వాటిని విప్పి మళ్ళీ పెడుతూ ఆగిపోయి, నా వైపు తిరిగి అడిగాడు: “అప్పుడు నేను ఇంత చిన్నవాణ్ణా?”