పక్క చేలో అయితే కోత మంచిదే

2025 ఫిబ్రవరి 20న అమెరికాలో ఒకే రోజు రెండు దృశ్యాలు కనబడ్డాయి. వాషింగ్టన్ పక్కనే ఉన్న మేరీల్యాండ్‌లో కన్జర్వేటివ్‌ల వార్షిక సభ జరుగుతోంది. అర్జెంటీనా అధ్యక్షుడు హవియర్ మిలే అక్కడ ప్రభుత్వ ఖర్చులు కోసేందుకు ట్రంప్ పెట్టిన ‘డోజ్’ బృందాన్ని నడిపిస్తున్న ఎలాన్ మస్క్ చేతికి, ఆ కోతకు గుర్తుగా ఓ చెట్లు కోసే రంపం ఇచ్చారు. మస్క్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని దాన్ని తలపైకెత్తి ఊపుతుంటే సభంతా కేరింతలు. ఇక జార్జియాలో, మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉండే ఆల్ఫారెట్టాను ఆనుకుని ఉన్న రాస్‌వెల్‌లో, రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు రిచ్ మెకార్మిక్ జనంతో ముఖాముఖి సభ, అంటే టౌన్‌హాల్, పెట్టారు. హాలు కిక్కిరిసి జనం బయట కూడా నిలబడ్డారు. అట్లాంటాలోని వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీలో ఉద్యోగాలు ఎందుకు పీకేస్తున్నారని అడిగితే, ఒకే పని పలుచోట్ల జరుగుతోందని, ఏఐ కూడా వచ్చిందని ఆయన సర్దిచెప్పబోయారు. ఆ మాటలు అరుపుల్లో కలిసిపోయాయి. అది ట్రంప్‌ను గెలిపించిన నియోజకవర్గమే.

రెండు వారాలు తిరక్కుండానే రిపబ్లికన్ల ఎన్నికల కమిటీ అధ్యక్షుడు రిచర్డ్ హడ్సన్ తన సభ్యులకు ఓ సలహా ఇచ్చారు: ఇక జనాన్ని నేరుగా కలిసే టౌన్‌హాళ్లు ఆపేయండి, ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో మాట్లాడండి. పోనీ, వచ్చినవాళ్లంతా ఎవరు? డబ్బిచ్చి తెచ్చిన అల్లరిమూక అన్నారు ట్రంప్. కన్జర్వేటివ్ టీవీ చర్చల్లో చాలా రోజులు ఆ మాటే నడిచింది.

అది తేలికైన జవాబు. కన్జర్వేటివ్ ఆలోచనాపరుల దగ్గర దీనికంటే బరువైన జవాబు 40 ఏళ్లుగా ఉంది. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ దాన్ని ‘ఇనుప త్రికోణం’ అన్నారు. ఓ పథకం వల్ల లాభపడేవాళ్లు, దాన్ని నడిపే అధికారులు, దాని పేరు చెప్పి ఓట్లడిగే నాయకులు, ఈ ముగ్గురూ ఒకరినొకరు కాసుకుంటారు. లాభం కొద్దిమందికి గట్టిగా అందుతుంది, భారం కోట్లమందికి పైసల్లో పంచబడుతుంది. పైసలు పోయినవాడు రోడ్డెక్కడు, రూపాయి పోయేవాడు ఊరుకోడు. అందుకే కొత్త ప్రభుత్వానికి ఏదైనా పెద్ద మార్పు చేసే వ్యవధి ఆరు నుంచి తొమ్మిది నెలలేనని, ఆ తర్వాత త్రికోణం తేరుకుంటుందని ఫ్రీడ్‌మన్ లెక్క. కోతలు పెట్టేవాళ్లు ఎందుకంత హడావుడి పడతారో ఈ లెక్కే చెబుతుంది.

ఈ లెక్క నిజమేనా అంటే చరిత్ర చాలావరకు ఔననే అంటుంది. కానీ అది కథలో సగమే.

1920లలో రిపబ్లికన్ కాల్విన్ కూలిడ్జ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు బడ్జెట్ డైరెక్టర్ హెర్బర్ట్ లార్డ్ పొదుపును పెన్సిళ్ల దాకా తీసుకెళ్లారు. గుమస్తాకు ఒక్కసారికి ఒకటే పెన్సిల్. అరిగిపోయిన ముక్క తిరిగిస్తేనే కొత్తది. ఆ ప్రభుత్వం ఏటా పెట్టే ఖర్చు 300 కోట్ల డాలర్ల చుట్టుపక్కలే. జీవితం మొత్తం ప్రభుత్వ చెక్కు మీద నడిచే మనుషులు తక్కువ కాబట్టి ఎదురుదెబ్బ కూడా తక్కువే. అయినా ఒక వర్గం ఉండనే ఉంది, మాజీ సైనికులు. వాళ్ల బోనస్ బిల్లును 1924లో కూలిడ్జ్ తిప్పికొడితే కాంగ్రెస్ ఆయన వీటోనే తోసిపుచ్చింది. పదేళ్ల తర్వాత డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కూ ఇదే అనుభవం. ప్రభుత్వ ఖర్చుతో జనాన్ని ఆదుకునే న్యూడీల్ తెచ్చిన ఈ మనిషే 1933 మార్చిలో, గద్దెనెక్కిన మొదటి నెలలోనే, ఉద్యోగుల జీతాల్లో 15 శాతం దాకా, మాజీ సైనికుల పింఛన్లలో అంతకంటే ఎక్కువ కోసే చట్టం తెచ్చారని ఇవాళ చాలామందికి గుర్తుండదు. ఏడాది తిరిగేసరికి సొంత పార్టీ చేతిలో ఉన్న కాంగ్రెస్సే ఆయన వీటోను కాదని ఆ కోతల్లో కొన్నింటిని వెనక్కి తీసుకుంది. ఏ పార్టీ అన్నది ఇక్కడ పట్టింపు లేదు.

అసలు పాఠం మాత్రం రీగన్ హయాంలో ఉంది. 1981లో ఆయన బడ్జెట్ డైరెక్టర్ డేవిడ్ స్టాక్‌మన్‌కు అప్పటికి 34 ఏళ్లు. అంకెలన్నీ నోటికి వచ్చిన మనిషి. ఆ మే నెలలో ప్రభుత్వం సోషల్ సెక్యూరిటీ పింఛను జోలికి వెళ్లింది, 62 ఏళ్లకే రిటైరయ్యేవాళ్లకిచ్చే మొత్తాన్ని బాగా తగ్గిస్తామంది. రిపబ్లికన్ల చేతిలో ఉన్న సెనేట్‌లో అలాంటి కోతకు వ్యతిరేకంగా తీర్మానం వచ్చింది. అనుకూలం 96, వ్యతిరేకం సున్నా. ఆ సెప్టెంబర్‌లో బడిపిల్లల భోజనం ఖర్చు తగ్గించే నిబంధనల ముసాయిదా బయటికొచ్చింది. దాని ప్రకారం కెచప్‌లాంటివి కూడా కూరగాయ కింద లెక్కకట్టవచ్చని తేలింది. ప్రతిపక్ష సెనేటర్లు ఫొటోగ్రాఫర్లను పిలిచి ఆ భోజనం తిని చూపించారు. నిబంధనలు వెనక్కి పోయాయి, కెచప్ మాత్రం రీగన్ పేరుకు అంటుకుని ఉండిపోయింది.

1982లో రీగన్ వ్యాపారవేత్త పీటర్ గ్రేస్ నాయకత్వంలో ఓ కమిషన్ వేశారు. ప్రైవేటు కంపెనీల వాళ్లు తమ సొంత ఖర్చుతో ప్రభుత్వ దుబారాను వెతికే కమిషన్ అది. 2025లో మస్క్ చేసినదానికి తాత అనుకోవచ్చు. 1984 జనవరిలో అది 2,478 సిఫార్సులిచ్చింది, మూడేళ్లలో 42,400 కోట్ల డాలర్లు మిగులుతాయని చెప్పింది. కాంగ్రెస్ తరఫు లెక్కల సంస్థలు చూసి, అందులో మిగిలేది చాలా తక్కువని తేల్చాయి. ఎక్కువ సిఫార్సులకు చట్టం మార్చాలి, మార్చేది మళ్లీ ఆ కాంగ్రెస్సే. సంపుటాలు అలమరాల్లోకి చేరాయి.

1985 మే 10 వేకువజామున ఏం జరిగిందో కన్జర్వేటివ్‌లు ఇప్పటికీ చెప్పుకుంటారు. లోటు తగ్గించడానికి సెనేట్ రిపబ్లికన్ నాయకుడు బాబ్ డోల్ ఓ పొదుపు ప్యాకేజీ తెచ్చారు. ధరల ప్రకారం పెరిగే పింఛనును ఒక్క ఏడాది పెంచకుండా ఆపడం అందులో కీలకం. ఓట్లు చాలడం లేదు. కాలిఫోర్నియా సెనేటర్ పీట్ విల్సన్‌కు ముందురోజే అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆయన్ను ఆస్పత్రి నుంచి అంబులెన్సులో తెచ్చి, చక్రాల మీద సభలోకి తోసుకొచ్చి ఓటు వేయించారు. 49–49. ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ ఓటుతో గట్టెక్కింది. తీరా కొన్ని వారాల్లో రీగన్ ప్రతినిధుల సభ స్పీకర్ టిప్ ఓనీల్‌తో రాజీకొచ్చి పింఛను మాట వదిలేశారు. ఓటేసినవాళ్లు మాత్రం దాన్ని మోసుకుంటూ ఎన్నికలకు వెళ్లారు. 1986లో సెనేట్ రిపబ్లికన్ల చేయి జారింది, 53 స్థానాల నుంచి 45కు పడ్డారు. ఆపరేషన్ కుట్లతో వచ్చి ఓటేసినా ఫలితం దక్కలేదు సరికదా, శిక్ష పడింది. ఆ తర్వాత పింఛను మీద చేయి వేయడానికి రిపబ్లికన్ సెనేటర్లు ఎందుకు జంకుతారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ దశాబ్దంలో పనిచేసిన ఉపాయం ఒకటుంది, దాన్ని చర్చల్లో ఎవరూ పెద్దగా తలచుకోరు. అక్కర్లేని సైనిక స్థావరాలు మూసేద్దామంటే ప్రతి సభ్యుడూ ‘మూయండి, మా ఊళ్లోది తప్ప’ అనేవాడు. టెక్సస్ రిపబ్లికన్ సభ్యుడు డిక్ ఆర్మీ ప్రతిపాదనతో 1988లో ఓ చట్టం వచ్చింది. స్వతంత్ర కమిషన్ జాబితా ఇస్తుంది, కాంగ్రెస్ మొత్తం జాబితాను కాదంటే కాదనాలి, లేదా ఒప్పుకోవాలి. ఒక్కో పేరూ ఏరి తీసేయడం కుదరదు. అయిదు విడతల్లో 350కి పైగా స్థావరాలు మూతపడ్డాయి. రంపం లేదు, వేదిక మీద ఊపడం లేదు. నా దృష్టిలో పొదుపు కోరేవాళ్లు పాఠం నేర్చుకోవాల్సింది ఇక్కడ.

1995లో రిపబ్లికన్ న్యూట్ గింగ్‌రిచ్ స్పీకర్‌గా, ముసలివాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఖర్చు పెరిగే వేగాన్ని ఏడేళ్లలో 27,000 కోట్ల డాలర్ల మేర తగ్గిస్తామన్నారు. డెమోక్రాట్లు దాన్ని ‘కోత’ అన్నారు. పెరుగుదల తగ్గితే కోత ఎలా అవుతుందని కన్జర్వేటివ్ పత్రికలు గొంతు చించుకున్నాయి, ఇప్పటికీ చించుకుంటున్నాయి. ఆ వాదనలో నిజం ఉంది. కానీ ఏటా పెరిగే మందుల బిల్లు కట్టే ముసలాయనకు ఆ తేడా ఏం పట్టింది? ఈ బడ్జెట్ గొడవలో రెండు విడతలు ప్రభుత్వం మూతపడింది, రెండోది 21 రోజులు. అధ్యక్షుడు క్లింటన్ విమానంలో తనను వెనక ద్వారం నుంచి దిగమన్నారని గింగ్‌రిచ్ నొచ్చుకుంటే, న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పేజీ నిండా ఆయన్ను ఏడుపుగొట్టు పసిపిల్లాడిలా వేసింది. క్లింటన్ మళ్లీ గెలిచారు. 1998కల్లా బడ్జెట్‌లో మిగులు వచ్చింది, దానికి పేరు మాత్రం క్లింటన్‌కే దక్కిందన్నది కన్జర్వేటివ్‌ల పాత గుర్రు.

2009లో దక్షిణ కరోలినాలో రిపబ్లికన్ బాబ్ ఇంగ్లిస్ టౌన్‌హాల్‌లో ఒకాయన లేచి, నా మెడికేర్ మీద ప్రభుత్వం చెయ్యి పడనివ్వకండి అన్నాడు. మెడికేర్ నడిపేదే ప్రభుత్వం. ఇంగ్లిస్ విడమరచి చెప్పినా ఆయన వినలేదు. 2011లో మెడికేర్‌ను మార్చాలన్న రిపబ్లికన్ పాల్ రయాన్ బడ్జెట్‌ను తిడుతూ వచ్చిన ప్రకటనలో చక్రాల కుర్చీలోని అవ్వను కొండ అంచు నుంచి తోసేశారు. ఇవన్నీ చూసిన ట్రంప్ 2015లో బరిలో దిగుతూనే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ ముట్టనన్నారు. పార్టీలో పొదుపువాదుల కంటే ఓటరు ఆయనకు బాగా అర్థమయ్యాడు.

కానీ ఆ మాటిచ్చాక లెక్క కుదరదు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ ఖర్చు 6.75 లక్షల కోట్ల డాలర్లు. పింఛను, మెడికేర్, వడ్డీ, రక్షణ కలిపితే అందులో సుమారు 60 శాతం. పౌర ఉద్యోగుల జీతాలు 5 శాతం లోపు, విదేశీ సాయం 1 శాతం చుట్టూ. ఎన్నికల ముందు 2 లక్షల కోట్లు మిగిలిస్తానన్న మస్క్, కుండ వదిలేసి మూకుడు గోకే పనిలో పడ్డారు. ఆ గోకుడు మరి గట్టిగానే సాగింది. రాజీనామా చేస్తే సెప్టెంబర్ దాకా జీతమిస్తామన్న మెయిల్‌కు సుమారు 75,000 మంది సరే అన్నారు. విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కుదేలైంది. దాని సెగ హైదరాబాద్ నారాయణగూడకూ తగిలింది. ట్రాన్స్‌జెండర్లకు దేశంలో తొలి ప్రత్యేక వైద్య కేంద్రంగా 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ నిధులు ఆగి మూతపడింది. అమెరికా పన్ను డబ్బు పోయింది వీటికా అని మస్క్ ఎక్స్‌లో ఎద్దేవా చేశారు. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో అదే సేవ సబ్‌రంగ్ పేరుతో మళ్లీ మొదలైంది.

నారాయణగూడ వాళ్లకు అమెరికాలో ఓట్లు లేవు. ఓట్లున్న చోట కథ వేరుగా నడిచింది. విదేశాలకు పంపే తిండిగింజల కొనుగోలు ఆగగానే కాన్సస్ సెనేటర్ జెర్రీ మోరన్ ఆ పథకాన్ని వ్యవసాయ శాఖకు మార్చి కాపాడాలన్నారు. పరిశోధన నిధులు తగ్గితే అలబామా సెనేటర్ కేటీ బ్రిట్ మా యూనివర్సిటీ సంగతేమిటన్నారు. ప్రతినిధుల సభలో ఖర్చుల కమిటీకి పెద్ద అయిన ఓక్లహోమా సభ్యుడు టామ్ కోల్, మస్క్ బృందం మూసివేత జాబితా నుంచి లాటన్‌లోని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుతో సహా తన రాష్ట్రంలోని మూడు ఆఫీసులను తప్పించానని సగర్వంగా ప్రకటించారు. ముగ్గురూ రిపబ్లికన్లే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

ఏప్రిల్ 1న విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఎన్నికలో మస్క్ వర్గం 2 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించినా వాళ్ల అభ్యర్థి దాదాపు 10 పాయింట్ల తేడాతో ఓడారు. మే చివర్లో మస్క్ వెళ్లిపోయారు. మిగిలించామని వాళ్లే చెప్పుకున్నది దాదాపు 17,500 కోట్లు, అందులోనూ చాలా పద్దులు తప్పుల తడకలని విలేకరులు బయటపెట్టారు. నవంబర్‌లో ఫెడరల్ సిబ్బంది విభాగం అధిపతి, కేంద్రీకృత సంస్థగా డోజ్ ఇక లేదనేశారు. 2025 ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి ఖర్చు తగ్గలేదు, 7 లక్షల కోట్లకు చేరింది.

ఎదురుదెబ్బ తప్పంతా త్రికోణానిదే అనే కన్జర్వేటివ్ వ్యాఖ్యాతలు ఓ చిన్న విషయం దాటేస్తారు. దుబారా మాత్రమే కోస్తాం, మీకు సూదిగుచ్చినంత నొప్పి కూడా ఉండదని ఓటరుకు చెప్పింది వాళ్ల నాయకులే. 1985లో డోల్ ఆ మాట చెప్పలేదు, అందుకే ఓడినా ఆయన మీద గౌరవం మిగిలింది.

2025 జూలైలో వచ్చిన పన్నుల చట్టంలో అసలైన పెద్ద కోత ఉంది, అది పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌లో. మిస్సోరి సెనేటర్ జోష్ హాలీ మేలో దాన్ని రాజకీయ ఆత్మహత్య అన్నారు, జూలైలో అనుకూలంగా ఓటేశారు, రెండు వారాలకే అందులో కొంత రద్దు చేయాలని బిల్లు పెట్టారు. పన్ను తగ్గింపులు ఎక్కువగా ఆ ఏడాది నుంచే అమల్లోకి వచ్చాయి. మెడికెయిడ్ పొందేవాళ్లలో పనిచేయగల పెద్దలు నెలకు 80 గంటలు పనిచేసినట్టు చూపాలన్న నిబంధనను రాష్ట్రాలు 2027 జనవరి 1 నాటికి మొదలుపెడితే చాలు. కాంగ్రెస్ ఎన్నికలు 2026 నవంబర్ 3న.