కారు నడుమ ఒకే కంప్యూటర్: అపోహలు, వాస్తవాలు

కార్లలో వాడే ప్రధాన ప్రాసెసర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా వృత్తి. నా బల్ల మీద కారు ఉండదు. ఒక సర్క్యూట్ బోర్డు, దానికి తగిలించిన నాలుగైదు కెమెరాలు, కారులో ఉన్నామని ఆ బోర్డును నమ్మించేందుకు నకిలీ సంకేతాలు పంపే ఒక యంత్రం, విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే ఒక ఆసిలోస్కోప్ ఉంటాయి. నా పని సంగతి తెలిసినవారు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే నమ్మకం నుంచి పుడుతుంటాయి. కారుకు ఇప్పుడు ఒక పెద్ద మెదడు పెట్టేశారని, ఇక అన్నీ అదే చూసుకుంటుందని వారి భావన. ఆ మెదడు అన్న పోలికే సగం అపోహలకు మూలమని నా అభిప్రాయం.

ముందుగా పాత పద్ధతి ఏమిటో చెప్పాలి. కారులో ఒక్కో పనికి ఒక్కో చిన్న కంప్యూటర్ ఉండేది. వాటిని ఈసీయూలు అంటాం. ఇంజిన్‌కు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి అని మొదలై, తలుపుల అద్దాలకు, సీట్లకు, లైట్లకు వేర్వేరుగా చేరుతూ పోయి, ఖరీదైన కార్లలో వాటి సంఖ్య వంద దాటింది. అవి తమలో తాము మాట్లాడుకోవడానికి బాష్ సంస్థ 1986లో క్యాన్ బస్ అనే ఉమ్మడి సందేశాల మార్గాన్ని ప్రకటించింది. దాని గరిష్ఠ వేగం సెకనుకు 10 లక్షల బిట్లు, ఒక్కో సందేశంలో పట్టేది 8 బైట్లు. తలుపు తెరిచి ఉందని చెప్పడానికి అది ధారాళంగా సరిపోతుంది, కెమెరా దృశ్యం పంపడానికి ఏ మూలకూ చాలదు. 8 మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు 30 చిత్రాలు తీస్తే, ఒక్కో పిక్సెల్‌కు 12 బిట్ల చొప్పున, సెకనుకు దాదాపు 288 కోట్ల బిట్లు వచ్చిపడతాయి. అలాంటి కెమెరాలు ఎనిమిదో పదో ఉన్న కారులో ఆ చిత్రాలన్నిటినీ ఒకచోటికి చేర్చి, రాడార్ చెప్పినదానితో పోల్చి చూసుకోవలసి వచ్చినప్పుడు, ఆ పనిని చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిప్‌లకు పంచడం సాధ్యం కాలేదు. కేంద్రీకృత చిప్‌ల అవసరం ప్రధానంగా అక్కడ పుట్టింది.

అపోహ: పెద్ద చిప్ వచ్చాక చిన్న చిప్‌లన్నీ పోతాయి

తగ్గుతాయి, పోవు. 2024లో రివియన్ సంస్థ తన ఆర్1 వాహనాల రెండో తరంలో, తానే రూపొందించుకునే ఈసీయూలను 17 నుంచి 7కు తగ్గించి, సుమారు రెండున్నర కిలోమీటర్ల వైరును తీసివేసినట్లు ప్రకటించింది. ఒక్కో పనికి ఒక్కటి అన్న పద్ధతి పోయి, కారులో ఒక్కో మూలకు ఒక్కటి అన్న పద్ధతి వచ్చింది. వీటిని జోనల్ కంట్రోలర్లు అంటాం. ముందు ఎడమ మూలలో ఉన్న లైటు, తలుపు, సెన్సర్ల వైర్లన్నీ దగ్గరలోని కంట్రోలర్‌కు చేరతాయి. అక్కడినుంచి నడుమ కంప్యూటర్‌కు ఈథర్‌నెట్ మీద సమాచారం వెళుతుంది. ఆఫీసులో వాడే నాలుగు జతల కేబుల్ కాదది, ఒకే ఒక మెలితిప్పిన జత తీగ మీద సెకనుకు 100 కోట్ల బిట్లు మోసే రకం.

అయితే కొన్ని పనులు ఎప్పటికీ అంచుల్లోనే ఉంటాయి. విద్యుత్ మోటారుకు వెళ్లే కరెంటును సెకనుకు పదివేల సార్లు సరిదిద్దాలి, అంటే ఒక్కో నిర్ణయానికి 100 మైక్రోసెకన్లు. ఆ లెక్కను నెట్‌వర్క్ దాటించి నడుమకు తెచ్చి మళ్లీ వెనక్కి పంపే తెలివితక్కువ పని ఎవరూ చేయరు. ఎయిర్‌బ్యాగుల కంట్రోలర్ సంగతీ అంతే. గుద్దుకున్న క్షణంలో బ్యాటరీ తీగ తెగిపోయినా పనిచేయడానికి అది తన కెపాసిటర్లలో కొంత విద్యుత్తును దాచుకుని ఉంటుంది. అలా ఒంటరిగా బతకగలగడమే దాని అర్హత.

అపోహ: టాప్స్ ఎక్కువ ఉన్న చిప్పే మంచి చిప్

టాప్స్ అంటే సెకనుకు ఎన్ని లక్షల కోట్ల గణనలు చేయగలదో చెప్పే అంకె. టెస్లా 2019లో చూపించిన సొంత చిప్ సుమారు 72 టాప్స్, ఎన్విడియా ఓరిన్ 254 టాప్స్. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి ఒకటి మరొకదానికన్నా మూడున్నర రెట్లు తెలివైనదని తేల్చేయడం ప్రకటనలకు పనికివస్తుంది గాని ఇంజినీరుకు పనికిరాదు. ఆ గణనలు 8 బిట్లవా 16 బిట్లవా, సున్నాలతో చేయవలసిన గుణకారాలను దాటవేసినందువల్ల వచ్చిన వేగాన్ని కూడా అంకెలో కలిపేశారా, అన్నవి మొదట అడగవలసిన ప్రశ్నలు.

అంతకన్నా పెద్ద ప్రశ్న మెమరీది. గణన యూనిట్లు ఎన్ని ఉన్నా వాటికి డేటా అందకపోతే అవి చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. టెస్లా చిప్‌లో బయటి మెమరీ నుంచి సెకనుకు సుమారు 68 గిగాబైట్లే తీసుకోవచ్చు. అందుకే దానిలో కృత్రిమ మేధ గణనలు చేసే రెండు న్యూరల్ యూనిట్లలో ఒక్కోదాని పక్కనే 32 మెగాబైట్ల సొంత మెమరీని చిప్ మీదే చెక్కారు. బయటి మెమరీ నుంచి ఒక సంఖ్యను తేవడానికి అయ్యే విద్యుత్తు, ఆ సంఖ్యతో గుణకారం చేయడానికి అయ్యే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. చిప్ వివరాల పత్రం చేతికొస్తే నేను టాప్స్ ఉన్న పేజీని వదిలేసి ముందు మెమరీ పేజీ తెరుస్తాను.

అపోహ: ఒకే చిప్‌లో పాటలూ బ్రేకులూ ఉంటే, పాటల యాప్ ఆగిపోయినప్పుడు బ్రేకులూ ఆగిపోతాయి

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతను నాకు ఎక్కువగా వినిపించేది ఈ సందర్భంలోనే. భయం సహేతుకమైనదే, కాని అది వేలెత్తి చూపిస్తున్నది తప్పు చోటికి. యాప్ ఆగిపోవడం మాకు తేలికైన సమస్య. చిప్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పొర ఉండి, వినోదానికి ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను, భద్రతకు సంబంధించిన పనులకు మరొకదాన్ని వేరువేరు గదుల్లో ఉంచుతుంది. ఒక గదిలోంచి రెండో గది మెమరీని తాకడానికి ప్రయత్నిస్తే హార్డ్‌వేరే అడ్డుకుంటుంది. ఇవి చాలక, అత్యంత కీలకమైన పనుల కోసం చిప్‌లోనే వేరుగా ఒక చిన్న భాగం ఉంటుంది. అందులో రెండు కోర్లు, అంటే ప్రోగ్రాములను నడిపే రెండు గణన భాగాలు, ఒకే ప్రోగ్రామును నడుపుతాయి. రెండోది కావాలనే ఒకటి రెండు క్లాక్ స్పందనలు వెనుకగా నడుస్తుంది. సరఫరాలో క్షణకాలం కుదుపు వచ్చినా అది రెండిటినీ ఒకే అడుగు దగ్గర దెబ్బతీయకూడదని ఆ ఏర్పాటు. రెండు ఫలితాలూ కలవకపోతే ఆ క్షణంలోనే తప్పు బయటపడుతుంది.

నిజంగా నిద్ర పట్టనివ్వని సమస్య వేరే ఉంది. గోడలు ఎంత గట్టిగా కట్టినా గదులన్నిటికీ బయటి మెమరీకి వెళ్లే దారి ఒక్కటే. కొంతకాలం కిందట నేను పరీక్షిస్తున్న ఒక బోర్డులో, స్టీరింగ్ వైపు ప్రతి 10 మిల్లీసెకన్లకు వెళ్లవలసిన సందేశం అప్పుడప్పుడు 14కు వెళ్లేది. ఏ కోరు మీద చూసినా భారం సగం కూడా లేదు, ఏ లాగ్‌లోనూ తప్పు లేదు. ఆసిలోస్కోప్ తెర మీద మాత్రం వరుసగా నిలబడిన గీతల మధ్య ఒక్కచోట కొంచెం ఎక్కువ ఎడం కనిపించేది, పంటి వరుసలో సందులాగా. పదకొండు రోజులు వెతికాక, సహోద్యోగి ఒకరు పక్క తెర మీద మ్యాపును వేళ్లతో పెద్దది చేసినప్పుడల్లా ఆ సందు వస్తోందని గమనించాం. మ్యాపు చిత్రాల కోసం గ్రాఫిక్స్ యూనిట్ ఒక్కసారిగా మెమరీ మీద పడుతోంది, స్టీరింగ్ ప్రోగ్రాముకు కావలసిన నాలుగు బైట్లు ఆ క్యూలో వెనకబడి ఎదురుచూస్తున్నాయి. గ్రాఫిక్స్‌కు సెకనుకు ఇంతే అని మెమరీ వాటా బిగించి, క్యాష్‌లో (చిప్ మీదే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) కొంత భాగాన్ని స్టీరింగ్ పనికి కేటాయించాక ఆ సందు మళ్లీ రాలేదు.

ఎవరూ ఎవరి గదిలోకీ చొరబడలేదు, అయినా ఒకరి పని మరొకరిని ఆలస్యం చేసింది. వాహనాల ఎలక్ట్రానిక్ భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 26262 ప్రమాణం 2011లో వచ్చి 2018లో సవరణ పొందింది. ఒక భాగం మరొక భాగానికి అడ్డు రాకూడదని అది కోరినప్పుడు, మెమరీలో చొరబాటుతో పాటు సమయంలో చొరబాటును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కేంద్రీకరణలో అసలు కష్టం గణనశక్తిలో కాక, ఈ ఎడాన్ని కాపాడటంలోనే ఉంది. పాత పద్ధతిలో వేరువేరు పెట్టెల్లో ఉండటం వల్ల ఊరికే దొరికిన దూరాన్ని ఇప్పుడు మేము ఒక్కో మిల్లీసెకను లెక్కగట్టి తయారుచేయవలసి వస్తోంది.

అపోహ: ఆ ఒక్క చిప్ పోతే కారు పని అయిపోయినట్లే

చిప్ ఎప్పటికీ పాడవదని ఎవరూ అనుకోరు. ఐఎస్ఓ 26262లో అత్యున్నత శ్రేణి అయిన ఎసిల్ డికి, ప్రమాదకరమైన హార్డ్‌వేర్ వైఫల్యాలు గంటకు పది కోట్లలో ఒక వంతు కన్నా తక్కువగా ఉండాలన్నది లక్ష్యం. సున్నా అని ఎక్కడా ఉండదు. ఆకాశం నుంచి వచ్చే న్యూట్రాన్లు తగిలి మెమరీలో ఒక బిట్ తలకిందులు కావడం కూడా మా లెక్కల్లో మామూలు విషయమే. ప్రతి 64 బిట్లకు 8 తనిఖీ బిట్లు చేర్చి, ఒక్క బిట్ తప్పితే సరిదిద్దుతాం, రెండు తప్పితే కనీసం గుర్తిస్తాం.

చిప్ పోయాక ఏం జరగాలన్నది, నడిపే బాధ్యత ఎవరిదన్న దానిని బట్టి ఉంటుంది. స్వయంచాలన స్థాయిల్లో రెండోదైన, బాధ్యత మనిషిదే అయిన సహాయక వ్యవస్థలో చేతులు స్టీరింగ్ దగ్గర ఉండాలి, కళ్లు రోడ్డు మీద ఉండాలి. కంప్యూటర్ తప్పుకున్నా బ్రేకు పెడల్‌కూ చక్రాలకూ మధ్య ఉన్న హైడ్రాలిక్ లంకె ఉంటుంది కనుక, హెచ్చరించి తప్పుకుంటే చాలు. మూడో స్థాయి నుంచి అలా కుదరదు. మనిషి తిరిగి పగ్గాలు అందుకునేదాకా వ్యవస్థే నడపాలి. అందుకే అక్కడ రెండో కంప్యూటర్ ఒక్కటే చాలదు, దానికి వేరే విద్యుత్ సరఫరా, స్టీరింగ్‌కు రెండో మార్గం, బ్రేకులకు రెండో మార్గం కావాలి. బోర్డు మీద రెండు చిప్‌లు పెట్టి రెండిటికీ ఒకే ఫ్యూజు నుంచి కరెంటు ఇచ్చిన డిజైనును నేనొకసారి సమీక్షలో చూశాను. ఆ సమావేశం తొందరగానే ముగిసింది.

అపోహ: కనెక్టెడ్ కారును నడిపేది ఇంటర్నెట్

కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనులో పదోవంతుకు 2.8 మీటర్లు ముందుకు పోతుంది. సొరంగంలోకి వెళ్లగానే తెగిపోయే లంకె మీద బ్రేకు నిర్ణయాన్ని ఆధారపరచలేం. మ్యాపులు, రద్దీ సమాచారం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు బయటినుంచి వస్తాయి, నిర్ణయం కారులోనే జరుగుతుంది.

అపోహ: అన్నీ ఒకచోట ఉంటే హ్యాకర్ పని సులువు, పాత పద్ధతే క్షేమం

పాత పద్ధతి ఎంత క్షేమమో 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వలాసెక్ అనే పరిశోధకులు జీప్ చెరోకీ మీద చూపించారు. మొబైల్ నెట్‌వర్క్ ద్వారా వినోద వ్యవస్థలోకి ప్రవేశించి, దాని పక్కనే క్యాన్ బస్‌తో మాట్లాడే ఒక చిన్న చిప్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చేసి, దూరం నుంచే కారును అదుపు చేశారు. ఆ చిన్న చిప్ తనలోకి వస్తున్న సాఫ్ట్‌వేర్ మీద తయారీదారు డిజిటల్ సంతకం ఉందో లేదో అడగలేదు. ఫలితంగా 14 లక్షల వాహనాలను రీకాల్ చేయవలసి వచ్చింది. క్యాన్ సందేశంలో పంపినవాడి గుర్తింపు ఉండదు, బస్ మీదకు వచ్చినవాడి మాట చెల్లుతుంది. వంద ఈసీయూలు ఉంటే కాపలా కాయవలసిన తలుపులు వంద. నడుమ చిప్‌లో సంతకాలను తనిఖీ చేసే ప్రత్యేక భాగం ఉంటుంది, లోపలికి వచ్చే దారులు తక్కువ. అయితే అక్కడ ఒక్క తలుపు తెరుచుకుంటే దోచుకోదగినది ఎక్కువ అన్న మాటా నిజమే. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో ఆర్155 అన్నది, కారును అమ్మాక కూడా ఈ కాపలా కొనసాగాలని తయారీదారును నిర్బంధిస్తుంది.

అపోహ: ఫోన్ చిప్ తెచ్చి పెడితే సరిపోతుంది, మిగతాది అప్‌డేట్లు చూసుకుంటాయి

అప్‌డేట్లతో చాలా జరుగుతుందన్న మాట నిజమే. 2018లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షలో టెస్లా మోడల్ 3 గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు తీసుకుంది. కొద్ది రోజుల్లోనే గాలిలోంచి వచ్చిన అప్‌డేట్ తరువాత అదే కారు 133 అడుగుల్లో ఆగింది. కాని అప్‌డేట్ పాత సిలికాన్‌ను కొత్తది చేయలేదు. అదే టెస్లా 2021లో సుమారు 1,35,000 కార్లను రీకాల్ చేసింది. వాటి తెర వెనుక కంప్యూటర్‌లో ఉన్న 8 గిగాబైట్ల ఫ్లాష్ మెమరీ, రోజూ రాసీ చెరిపీ అరిగిపోయి, తెరతో పాటు రివర్స్ కెమెరా దృశ్యం కూడా మాయమయ్యేది. మూడు నాలుగేళ్లకు మార్చేసే ఫోన్‌లో అది ఎవరికీ తెలియకపోయేది, పదిహేనేళ్లు నడవవలసిన కారులో బయటపడింది. వాహన చిప్‌ల అర్హత పరీక్ష ఏఈసీ-క్యూ100లో రెండో శ్రేణి చిప్ మైనస్ 40 నుంచి 105 డిగ్రీల దాకా, మొదటి శ్రేణి చిప్ 125 డిగ్రీల దాకా పనిచేయాలి.

అపోహ: ఇంత శక్తిమంతమైన కంప్యూటర్‌కు చిన్న పనులొక లెక్కా?

అమెరికా నియమం ప్రకారం రివర్స్ గేరు వేసిన 2 సెకన్లలో వెనుక దృశ్యం తెర మీద కనిపించాలి. నడుమ కంప్యూటర్‌లోని పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా లేవడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అందుకని మేము పరీక్షించే బోర్డుల్లో, తాళం తిప్పగానే ముందు లేచేది చిప్ మూలనున్న చిన్న కోరు. అది కెమెరాను తడుముకుని దృశ్యాన్ని నేరుగా తెరకు అందిస్తూ ఉంటుంది. పెద్ద వ్యవస్థ లేచి తెరను తన చేతిలోకి తీసుకునే ఆ క్షణంలో చిత్రం ఒక్కసారి కూడా మినుకుమనకూడదు. ఈ ఒక్క మార్పిడి కోసమే మా పరీక్షల పట్టికలో నలభైకి పైగా అంశాలు ఉన్నాయి.