పది రోజుల తేడాలో రెండు దారులు: సదరం శాతం వెనక కథ

దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన నోటీసులతో 2025 ఆగస్టులో విశాఖపట్నంతో సహా ఆంధ్రప్రదేశ్ అంతటా వివాదం రాజుకుంది. కాలూ చెయ్యీ నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నప్పుడు వైకల్యం శాతం మాత్రం పింఛనుకు కావాల్సిన 40 కంటే కిందికి ఎలా దిగిందన్నది నోటీసు అందుకున్నవారి ప్రశ్న. పాత సర్టిఫికెట్లలో బోగస్‌వి ఉన్నాయని అధికారులు అంటారు, కొత్త పరీక్ష తూతూమంత్రంగా ముగిసిందని బాధితులు అంటారు. అంకె తప్పా ఒప్పా అనే దగ్గరే వాదన ఆగిపోతోంది గానీ, అసలు ఆ అంకె దేన్ని కొలుస్తోందన్న సంగతి చర్చకు రావడం లేదు. పింఛను ఎప్పుడు ఎంత పెరిగిందో, డాక్టర్లు వైకల్యం శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరాలు ఎలా మొదలయ్యాయో అదంతా ఇక్కడ వదిలేసి నేరుగా 2001కి వెళ్లాలి.

ఆ ఏడాది మే 22న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ వైకల్యానికి కొత్త అంతర్జాతీయ వర్గీకరణను ఆమోదించింది. శరీర భాగంలోని లోపం ఒక్కటే వైకల్యం కాదని, ఆ మనిషి ఏ పనులు చేసుకోగలడు, కుటుంబంలోనూ సమాజంలోనూ ఏ మేరకు పాలుపంచుకోగలడు, చుట్టూ ఉన్న పరిసరాలు అతనికి తోడ్పడుతున్నాయా అడ్డుపడుతున్నాయా అన్నవన్నీ కలిపి చూడాలని ఆ వర్గీకరణ చెప్పింది. సరిగ్గా పది రోజులకు, జూన్ 1న, మన కేంద్ర సామాజిక న్యాయ శాఖ వైకల్య నిర్ధారణ మార్గదర్శకాలను నోటిఫై చేసింది. 1995 నాటి వికలాంగుల చట్టం 40 శాతం దగ్గర గీత గీసింది, ఆ శాతాన్ని లెక్కకట్టే పద్ధతిని ఈ మార్గదర్శకాలు స్థిరపరిచాయి. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, కండరం బలం ఎంత తగ్గింది అన్న కొలతల మీదే ఆ పద్ధతి ప్రధానంగా నిలబడింది. ఇవాళ్టి గొడవకు మూలం అక్కడే ఉందని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

ఆ మార్గదర్శకాలను తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. చేతి పరీక్షలో అన్నం కలుపుకొని తినడం, చొక్కా తొడుక్కోవడం, కాలకృత్యాల తర్వాత శుభ్రం చేసుకోవడం ఉన్నాయి. కాలి పరీక్షలో గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేయడం, మెట్లెక్కడం ఉన్నాయి. మన ఇళ్లను ఎరిగినవారు రాసినవే అవి. అయితే ఆ పనులన్నీ చివరకు ఒక అవయవం నష్టం కిందే లెక్కలోకి వస్తాయి, శిబిరంలో వరుస పెరిగేకొద్దీ పరీక్షలో ముందు జారిపోయేవీ ఆ పనులే.

పక్షవాతం సంగతి చూస్తే చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. 2001 పట్టికలో ఒక పక్క బలహీనత స్వల్పమైతే 25, మధ్యస్థమైతే 50, తీవ్రమైతే 75 శాతం. 40 గీత మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్య పడుతుంది. ఒక డాక్టరు మధ్యస్థమని రాసినదాన్ని మరో డాక్టరు స్వల్పమని రాస్తే, ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడకపోయినా పింఛను పోతుంది. కీళ్ల విషయంలో దీనికి పూర్తిగా భిన్నమైన సూక్ష్మత కనిపిస్తుంది. రెండు లోపాల శాతాలను నేరుగా కూడకుండా కలిపే సూత్రం ప్రకారం 30 శాతానికి 15 శాతం చేరితే సరిగ్గా 40 వస్తుంది, 14 చేరితే 39 దాటి ఆగిపోతుంది. కీలు వంపును కొలిచే గోనియోమీటర్‌తో చూసేటప్పుడు అయిదు డిగ్రీల లోపు తేడాను కొలతలోని పొరపాటుగానే పరిగణించడం ఫిజియోథెరపీలో మామూలు విషయం.

పరిశోధన రంగం ఈ చిక్కును చాలా ముందే ఎదుర్కొంది. 1957లో గ్లాస్గోలో జాన్ రాంకిన్ పక్షవాతం రోగులను అవయవం వారీగా కాకుండా, ఇతరుల సాయం ఎంత కావాలన్నదాన్ని బట్టి వర్గీకరించాడు. 1965లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఫ్లోరెన్స్ మహోనీ అనే డాక్టరు, డొరొథియా బార్థెల్ అనే ఫిజియోథెరపిస్టు కలిసి పది రోజువారీ పనులకు 100 మార్కుల సూచీ తయారుచేశారు. మంచం నుంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకు 15, మెట్లకు 10, స్నానానికి 5. నూటికి నూరు వచ్చినంత మాత్రాన ఆ మనిషి ఒంటరిగా బతకగలడని అనుకోవద్దని, వంటా ఇంటిపనీ చేసుకోలేకపోవచ్చని వారే రాసి పెట్టారు. తమ కొలతకు హద్దు ఎక్కడుందో చెప్పిన ఆ ఒక్క వాక్యం మన సర్టిఫికెట్ల మీద కనిపించదు.

భారతదేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాతం రోగులతో జరిగి 2017లో లాన్సెట్‌లో వచ్చిన అటెండ్ అధ్యయనం ఈ కొలతల విలువను చూపిస్తుంది. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లోనే వ్యాయామాలు చేయిస్తే రోగి కోలుకుంటాడన్నది ఆశ. ఆరు నెలల తర్వాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి, శిక్షణ అందిన, అందని రెండు బృందాల్లోనూ 47 శాతమే. ఎవరికి శిక్షణ అందిందో తెలియని వ్యక్తులు కొలిచారు కాబట్టే, అందరూ మంచిదని నమ్మిన పద్ధతి అదనపు ఫలితం ఇవ్వలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎప్పుడు కొలవాలి, ఎవరు కొలవాలి, ఇద్దరు కొలిస్తే పొంతన ఎంత అన్నవి పరిశోధనలో ముందే తేల్చుకునే విషయాలు. ఒక కుటుంబానికి నెలనెలా అందే 6,000 రూపాయలను నిర్ణయించే పరీక్షకు కూడా ఆ మాత్రం జాగ్రత్త అవసరమే.

అధికారుల వాదనలోనూ బలం ఉంది. ఇంటికెళ్లి ఎవరు ఏ పని చేసుకోలేకపోతున్నారని అడిగితే లేని కష్టాన్ని చెప్పుకొనే అవకాశం పెరుగుతుందని, డిగ్రీల్లో చెప్పిన లోపాన్ని మరో బృందం సరిచూడగలదని వారంటారు. ప్రజాధనం అర్హులకే చేరాలన్న పట్టుదలను తప్పుపట్టలేం. కానీ పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలని నిర్ణయించినప్పుడు ప్రభుత్వమే ఆ మనిషి జీవన స్థితిని ప్రమాణంగా తీసుకుంది. మానసిక అనారోగ్యం విషయంలోనూ ఐడియాస్ అనే స్కేలు తన పనులు తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, సంభాషణ, ఉద్యోగం లేదా పని అన్న నాలుగు అంశాలను కొలుస్తుంది. అంటే అది చేయలేని పనేమీ కాదు, కాలూ చేయీ విషయానికి వచ్చేసరికే ఆ పద్ధతికి చోటు దొరకలేదు.

పోర్టులో బస్తాలు మోసిన కలాసీకి కుడిచేతి పట్టు సడలితే పట్టికలో అది స్వల్ప బలహీనతే కావచ్చు. అతను కొండవాలు కాలనీలో అరవై మెట్ల పైన ఉంటే ఆసుపత్రికి దిగి రావడమే ఒక పూట పని. జెనీవా వర్గీకరణలో ఆ మెట్లకు కూడా చోటుంది, మన శాతంలో వాటికి విలువ సున్నా.

మార్గదర్శకాలు 2018లోనూ 2024లోనూ మారాయి గానీ, అంతా కలిసి ఒక్క శాతంగా తేలడం మారలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఓంకార్ గోండ్ కేసులో, వైకల్యం శాతం చూసి మాత్రమే వైద్యవిద్య సీటు నిరాకరించకూడదని, ఆ అభ్యర్థి చదువు కొనసాగించగలడా లేదా అన్నది వైకల్యాన్ని నిర్ధారించే బోర్డు పరిశీలించాలని చెప్పింది. ఆ తీర్పు ప్రవేశాలకు సంబంధించినది. పింఛను పోయి అప్పీలుకు వెళ్లిన వ్యక్తిని రెండోసారి పరీక్షించే బృందం చేతిలో ఉండేది మాత్రం ఇప్పటికీ శాతాల పట్టికే.