శ్రీశైలం నీళ్ళలో చేప ఏ ఒడ్డుది? కొన్ని అపోహలు - వాస్తవాలు

కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డున చేప పిల్లల నర్సరీ నడుపుతున్నాను, పదిహేనేళ్ళు దాటింది. నా దగ్గర చేప పిల్లలు కొనే మత్స్యకారుల సొసైటీలు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌కు ఈ ఒడ్డున ఉన్నాయి, తెలంగాణ వైపు ఆ ఒడ్డునా ఉన్నాయి. రెండు చోట్లా వినపడే మాటలు కొన్ని ఉన్నాయి, వాటి వల్ల నష్టపోతున్నది మనమే కాబట్టి రాస్తున్నాను.

అపోహ: చేపల మీద రాష్ట్రాలు, దేశాలు కలిసి పనిచేయడం సముద్రం వాళ్ళ సంగతి, సీమలో మనకేం సంబంధం?

వాస్తవం: మన నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో ఒకసారి చూడండి. తుంగభద్ర కర్ణాటక నుంచి వచ్చి కృష్ణలో కలుస్తుంది, శ్రీశైలం జలాశయానికి ఒక పక్క మనం, ఇంకో పక్క తెలంగాణ. మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీళ్ళు హంద్రీ-నీవా కాలువలో అనంతపురం జిల్లా జీడిపల్లికి పోతాయి. పోతిరెడ్డిపాడు నుంచి వెలుగోడు మీదుగా కడప జిల్లా బ్రహ్మంసాగర్‌కు పోతాయి. ఒక చోట రోగం పడితే అది ఆగడానికి మధ్యలో గోడ ఏముంది చెప్పండి.

చలికాలంలో కొర్రమీనుకు ఒంటి మీద ఎర్రటి పుండ్లు లేచి మాంసం తినేసినట్టు గుంటలు పడే జబ్బు మనందరం చూసిందే. అది ఒక రకం నీటి బూజు వల్ల వస్తుంది. ఇక్కడ పుట్టింది కాదు. 1971లో జపాన్‌లో కనిపించి, తర్వాత ఆగ్నేయాసియా దేశాలు చుట్టేసి, 1988లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చింది. బ్యాంకాక్ కేంద్రంగా ఆసియా దేశాల ఆక్వా కేంద్రాల సంస్థ ఒకటి ఉంది, మన దేశమూ అందులో సభ్యురాలే. పక్క దేశంలో ఏ జబ్బు ఉందో ముందే తెలిస్తే ఇక్కడ చేప పిల్లలు కొనేవాడు జాగ్రత్త పడతాడు, అలాంటి సంస్థల వల్ల మనకున్న లాభం అదే.

అపోహ: పిల్లలు ఎంత ఎక్కువ వదిలితే అంత చేప.

వాస్తవం: ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. బొచ్చె, రవ్వ, మోసు లాంటివి నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు, వరద పారే నీళ్ళు కావాలి. అందుకే ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టిస్తాం. 1957 జూలై 10న శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు ఒడిశాలో దాన్ని సాధించి చూపించారు, జూలై 10ని జాతీయ చేప రైతుల దినంగా జరుపుకుంటున్నది అందుకే. అలా పుట్టిన పిల్లను మూడు నాలుగు అంగుళాల దాకా పెంచి వదలాలి. వేలి గోరంత పిల్లను లక్షల్లో వదిలితే వాలుగ, జెల్ల తినేస్తాయి, లెక్క కాగితం మీదే మిగులుతుంది. వదిలేటప్పుడు కూడా ఆక్సిజన్ సంచిని పదిహేను ఇరవై నిమిషాలు జలాశయం నీళ్ళలో తేలనిచ్చి, లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యాక మూతి విప్పాలి, పిల్ల తనంతట తాను ఈదుకుంటూ బయటికి రావాలి. లారీ దగ్గర నిలబడి ఒడ్డు మీంచి కుమ్మరించడం చూశాను, అరగంటకు తెల్లగా పైకి తేలాయి.

బతికిన పిల్లల సంగతి ఇంకా ఉంది. అలివి వల. కన్ను ఎంత చిన్నదంటే చిటికెన వేలంత చేప కూడా దాటలేదు. ఒకసారి తెల్లవారుజామున నెహ్రూనగర్ వైపు ఒడ్డున ఎండబెట్టిన చేపల్లో ఒక దోసెడు తీసి చూశాను, సగానికి సగం బొచ్చె పిల్లలే, తల పెద్దగా ఉంటుంది కాబట్టి ఎండినా గుర్తుపట్టొచ్చు. అవి కిలోకు వందకు తక్కువ తూగవు. అందులో సగం బతికినా ఏడాదికి యాభై చేపలు, ఒక్కొక్కటి కిలో దాకా వచ్చేది. అదంతా ఎండు చేపల బస్తాలో పోయింది.

అపోహ: అలివి వేసేది బయటి నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళని తరిమేస్తే సరిపోతుంది.

వాస్తవం: వల లాగేది వాళ్ళే. అడ్వాన్సు ఇచ్చేది, బస్తాలు కొనేది ఎవరో ఒడ్డున ఉన్న ఊళ్ళన్నిటికీ తెలుసు. గుడారం వేసుకుని పిల్లాజెల్లాతో ఉండే కూలీని తరిమితే అవతలి ఒడ్డుకు పోతాడు, అక్కడ తరిమితే ఇటు వస్తాడు. రెండు వైపులా ఒకే రోజు తనిఖీ జరగాలి, కొనేవాళ్ళ గోడౌన్ల దాకా పోవాలి. వల కన్ను కొలత, గుడ్ల కాలంలో వేట ఆపే తేదీలు రెండు రాష్ట్రాలూ కూర్చుని ఒకటిగా పెట్టుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బెంగాల్ నుంచి తమిళనాడు వరకు మర పడవలు ఆగుతున్నాయి కదా, ఒక్క జలాశయంలో ఎందుకు కుదరదు?

అపోహ: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను సొంత గుంటలో పెంచుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: నిషేధం ఉన్న చేప అది. గాలి పీల్చి బతుకుతుంది, తడి నేల మీద పాకుతుంది, ఎదురైన పిల్లనల్లా మింగుతుంది. 2009 అక్టోబరు వరదలో కర్నూలు ఊరే మునిగినప్పుడు గుంట ఏది, నది ఏది అని తెలియలేదు. అలాంటి నీళ్ళలో ఒక్క గుంట తెగినా చాలు, మన నాటు క్యాట్‌ఫిష్ అయిన మార్పు చేపకు చోటుండదు.

అపోహ: అనంతపురం చెరువుల్లో నీళ్ళు ఆరేడు నెలలే, చేపలు దండగ.

వాస్తవం: చిన్న పిల్ల వేస్తే దండగే. ఏడాది పాటు నర్సరీలో ఇరుకుగా ఉంచిన పిల్లను వేయండి, నీళ్ళు దొరికిన వెంటనే గబగబా పెరుగుతుంది.

ఇంకో సంగతి. పోయిన ఏడాది నుంచి మా సొసైటీ వాళ్ళు పిల్లలు వదిలే ముందు రోజే అవతలి ఒడ్డు సొసైటీకి ఫోన్ చేసి ఏ రేవులో వదులుతున్నదీ చెప్తున్నారు. వాళ్ళు ఆ చుట్టుపక్కల నెల రోజులు వల వేయరు. వాళ్ళు వదిలినప్పుడు మావాళ్ళూ అంతే. ఈసారి మూడో సొసైటీ కూడా వస్తామంది.